పెప్టైడ్ యాంటీబయాటిక్ చేయించడానికి ఏ బ్యాక్టీరియా మేలు?

"అక్కా, హోస్ట్ ఈ.కోలై అని సినాప్సిస్‌లో రాసేశాం. గైడ్ సార్ సంతకం కూడా పెట్టేశారు. పెప్టైడ్ ఏదనేది మాత్రం ఇంకా అనుకోలేదు."

పోయిన ఏడాది అనంతపురంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సెమిస్టర్ అమ్మాయిలు ఇద్దరు నా దగ్గరికి వచ్చి చెప్పిన మాట ఇది. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, హోస్ట్ అంటే మనం పెట్టిన జీన్‌తో దాన్ని తయారుచేసే బ్యాక్టీరియా. ఒకమ్మాయిది గుత్తి, ఇంకో అమ్మాయిది కడప దగ్గర కమలాపురం. వాళ్లను తప్పుపట్టలేదు. ఎనిమిదేళ్ల కిందట నేనూ ఇదే వరసలో మొదలుపెట్టాను, కొలత తీసుకోకుండా జాకెట్ కుట్టడానికి కూర్చున్నట్టు. ల్యాబ్ ఫ్రీజర్‌లో బీఎల్21 అనే ఈ.కోలై రకం ఉంది, జీన్‌ను మోసే పీఈటీ వెక్టర్ ఉంది, ఆ జీన్‌ను పనిలోకి దించే ఐపీటీజీ అనే రసాయనం ఉంది. ఉన్నదాంతో పని అయిపోతుందనుకుని, 26 అమైనో ఆమ్లాల పెప్టైడ్ జీన్‌ను ట్యాగ్ (అతికించే తోడు ప్రొటీన్) ఏదీ లేకుండా నేరుగా పెట్టేశాను.

ట్రాన్స్‌ఫర్మేషన్ (డీఎన్ఏను బ్యాక్టీరియాలోకి ఎక్కించడం) చేసిన మర్నాడు ఇంక్యుబేటర్ తెరిస్తే, ఖాళీ వెక్టర్ ప్లేటు మీద రెండు వందల దాకా కాలనీలున్నాయి. నా జీన్ ఉన్న ప్లేటు మీద నాలుగే. రెండు పెద్దవి, రెండు ఆవగింజంతవి. నాలుగైనా వచ్చాయి కదా అని సంబరపడి వాటితోనే నెలల తరబడి ఎక్స్‌ప్రెషన్ (పెప్టైడ్ తయారుచేయించే పని) చేశాను. ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసే జెల్ మీద బ్యాండ్ రాదు. ఐపీటీజీ పెంచాను, తగ్గించాను, ఉష్ణోగ్రత మార్చాను. చివరికి సీక్వెన్సింగ్‌కు పంపితే తేలింది: ఒకదాంట్లో ఫ్రేమ్‌షిఫ్ట్ (జీన్ చదివే వరస జరిగిపోవడం), ఇంకోదాంట్లో జీన్‌ను ఆన్ చేసే ప్రమోటర్ ముక్కే ఎగిరిపోయింది. పెప్టైడ్ నిజంగా తయారుచేసిన కణాలన్నీ ఆ రాత్రే చచ్చిపోయాయి. జీన్ చెడగొట్టుకున్నవే బతికి కాలనీలయ్యాయి. ఐదు నెలలు పోయాయి.

పీఈటీ వెక్టర్‌లోని టీ7 ప్రమోటర్ ఐపీటీజీ వేయకముందు కూడా కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. మామూలు ప్రొటీన్‌కైతే ఆ కాస్త లీకు వల్ల నష్టం లేదు. మనం చేయించేది బ్యాక్టీరియాను చంపే మందు, చేయించేది బ్యాక్టీరియా చేత. కాబట్టి హోస్ట్‌ను ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఒకటే: బయటికి వచ్చేదాకా ఈ పెప్టైడ్‌కు కోరలు లేకుండా ఎవరు ఉంచుతారు? కింద నేను చేసే పోలికంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు పెప్టైడ్‌ను చూడండి

పని సులువు కోసం మూడు గుంపులుగా అనుకుందాం. మొదటిది సాదా గొలుసు. కప్ప చర్మంలో దొరికిన మగైనిన్ (23 అమైనో ఆమ్లాలు), మన ఒంట్లోనే ఉండే ఎల్ఎల్-37 (37 అమైనో ఆమ్లాలు) ఇలాంటివి. జీన్ రాస్తే కణంలో ప్రొటీన్లు అల్లే రైబోజోమ్ చదివి గొలుసు అల్లేస్తుంది, ఆ తర్వాత పెద్దగా మార్పులు అక్కర్లేదు. రెండోది రైబోజోమ్ అల్లిన గొలుసును ఎంజైములు పట్టుకుని వంచి, రింగులు కట్టి, తోక కోసి తయారుచేసేది. నిసిన్, సబ్టిలిన్ ఈ గుంపు. మూడోదానికి రైబోజోమ్‌తో పనే లేదు. పెద్ద పెద్ద ఎంజైములు వరసగా నిలబడి ఒక్కో అమైనో ఆమ్లాన్నీ తగిలిస్తూ పోతాయి. కొలిస్టిన్, బాసిట్రాసిన్, డాప్టోమైసిన్, వాంకోమైసిన్ ఇలా పుట్టినవే.

మీ పెప్టైడ్ మొదటి గుంపులోది, పొడవు ముప్ఫై లోపు అయితే, ఇంజినీరింగ్ మొదలుపెట్టే ముందు సింథటిక్‌గా కొని చూడండి. 1963లో మెరిఫీల్డ్ చూపించిన సాలిడ్ ఫేజ్ పద్ధతిలో ఇప్పుడు కంపెనీలు అడిగిన సీక్వెన్స్ చేసి పంపుతున్నాయి. ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు) చూడటానికి కొన్ని మిల్లీగ్రాములు చాలు. అసలు పెప్టైడ్ పనిచేస్తుందో లేదో తెలియకుండా దానికోసం స్ట్రెయిన్ కట్టడం ఎందుకు? కొనడం చిన్నతనం అనుకునే గైడ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ కొన్న పెప్టైడే రేపు మీ బ్యాక్టీరియా తయారుచేసినదాని పక్కన స్టాండర్డ్‌గా పనికొస్తుంది.

ఈ.కోలై: తొందరగా అవుతుంది, తోడు లేకుండా కాదు

ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పరికరాలు, ప్రోటోకాల్స్, అడిగితే చెప్పే సీనియర్లు అన్నీ దొరుకుతాయి. సాదా గొలుసులకు నేను ఇప్పటికీ దీన్నే చెబుతాను. ఒక్కటే షరతు: పెప్టైడ్‌ను ఒంటరిగా వదలొద్దు.

ఇది కొత్త పాఠం కాదు. 1977లో సొమాటోస్టాటిన్ అనే 14 అమైనో ఆమ్లాల హార్మోన్‌ను ఈ.కోలై చేత చేయించినప్పుడు, చిన్న ముక్కను కణంలోని ప్రొటియేజులు (ప్రొటీన్లను కోసే ఎంజైములు) నమిలేశాయి. దాన్ని బీటా గెలాక్టోసిడేజ్ అనే పెద్ద ప్రొటీన్ తోకకు అతికించాకే నిలిచింది. యాంటీబయాటిక్ పెప్టైడ్ విషయంలో ఆ అతుకు రెండు పనులు చేస్తుంది: గొలుసును ప్రొటియేజుల నుంచి కాపాడుతుంది, హోస్ట్‌ను గొలుసు నుంచి కాపాడుతుంది.

ఏ అతుకు? నా ఓటు సుమో అనే చిన్న ప్రొటీన్‌కు. సుమో ప్రొటియేజ్ కోసినప్పుడు పెప్టైడ్ మొదట్లో ఒక్క అదనపు అమైనో ఆమ్లం కూడా మిగలదు. ఈ పెప్టైడ్లలో ఎన్-టెర్మినస్ (గొలుసు మొదలు) దగ్గర చిన్న మార్పు వచ్చినా పవర్ పడిపోవచ్చు కాబట్టి ఇది పెద్ద సుగుణం. థయోరెడాక్సిన్ కూడా మంచిదే, కరిగే గుణం పెంచుతుంది. కొన్ని పాత పేపర్లలో సైనోజెన్ బ్రోమైడ్‌తో కోసిన పద్ధతి కనిపిస్తుంది. అది ప్రాణాంతకమైన విషం. మంచి ఫ్యూమ్ హుడ్, దాన్ని వాడి అలవాటున్న మనిషి లేని ల్యాబ్‌లో దాని జోలికి వెళ్లకండి, ఎంత చవకైనా సరే.

అతుకు వల్ల నష్టం కూడా ఉంది, లెక్క ముందే వేసుకోండి. మీ పెప్టైడ్ 3 కిలోడాల్టన్లు, సుమో సుమారు 11 అనుకుంటే, ప్యూరిఫై చేసిన 100 మిల్లీగ్రాముల ఫ్యూజన్‌లో (రెండూ అతికిన ప్రొటీన్‌లో) పెప్టైడ్ వాటా 21 మిల్లీగ్రాములే. కోయడంలో, కడగడంలో పోయేది పోగా చేతికి అందేది ఇంకా తక్కువ. వైవాలో "ఈల్డ్ ఇంతేనా?" అని అడిగితే ఈ లెక్క చూపించండి.

ఇంకో రెండు చిక్కులు. ఈ పెప్టైడ్లలో ఆర్జినిన్ ఎక్కువ. దాన్ని సూచించే ఏజీఏ, ఏజీజీ కోడాన్లు (జీన్‌లోని మూడక్షరాల సంకేతాలు) ఈ.కోలైకి అరుదు, అక్కడ రైబోజోమ్ ఆగిపోతుంది. జీన్ ఆర్డర్ ఇచ్చేటప్పుడే కోడాన్లు మార్పించుకోండి. రెండోది జెల్. మామూలు గ్లైసిన్ జెల్ మీద 3 కిలోడాల్టన్ల బ్యాండ్ నీలి డై గీతతో పాటే జారిపోయి బఫర్‌లో కలిసిపోతుంది. పెప్టైడ్ వచ్చింది, కనపడలేదు, రాలేదనుకుని ప్రాజెక్ట్ మార్చేసినవాళ్లను నేను చూశాను. ట్రైసిన్ జెల్ వేయండి.

ఈ.కోలై పై పొరలోని లైపోపాలీసాకరైడ్ కూడా తలనొప్పే. పాజిటివ్ చార్జ్ ఉన్న పెప్టైడ్లు దాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటాయి. సరిగా శుభ్రం చేయకపోతే ఎంఐసీ తప్పు వస్తుంది. ఎలుకల మీద ప్రయోగం దాకా వెళ్లే ఆలోచన ఉంటే ఇది ఇంకా పెద్ద సమస్య.

లాక్టోకాకస్: నిసిన్ గుంపుకు సొంత ఇల్లు

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. పాలు పులియబెట్టే బ్యాక్టీరియా, మనకు కొత్తది కాదు. దీన్నుంచి వచ్చే నిసిన్‌ను 1969లో ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్ఓ ఆహారంలో వాడొచ్చని ఒప్పుకున్నాయి, 1988లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. ప్యాకెట్ల మీద ఈ234 అని కనిపిస్తే అది నిసినే.

నిసిన్‌లో 34 అమైనో ఆమ్లాలు. పుట్టేటప్పుడు మాత్రం ముందు 23 అమైనో ఆమ్లాల లీడర్ తోకతో, 57గా పుడుతుంది. నిస్-బి ఎంజైమ్ సెరిన్, థ్రియోనిన్‌ల నుంచి నీటిని తీసేస్తుంది. నిస్-సి వాటిని సిస్టీన్లకు కలిపి ఐదు రింగులు కడుతుంది. నిస్-టి బయటికి తోస్తుంది. లీడర్ అతుక్కుని ఉన్నంతసేపూ ఆ పెప్టైడ్ ఎవరినీ చంపదు. కణం బయట నిస్-పి ఆ లీడర్‌ను కోసినప్పుడే కోర బయటపడుతుంది. అప్పుడు తయారుచేసిన కణానికే ప్రమాదం కాబట్టి నిస్-ఐ, నిస్-ఎఫ్ఈజీ అనే కాపలాదారులు పొర మీద సిద్ధంగా ఉంటాయి. నేను పైన అడిగిన ప్రశ్నకు ప్రకృతి ఇంత పొందికైన జవాబు రాసిపెట్టిందని మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇంజినీరింగ్‌కు దీన్ని వాడుకునే తీరు కూడా చక్కగా ఉంటుంది. ఎన్‌జడ్9000 అనే స్ట్రెయిన్‌లో నిసిన్‌ను పసిగట్టే జీన్లు క్రోమోజోమ్‌లోనే ఉన్నాయి. మిల్లీలీటరుకు కొన్ని నానోగ్రాముల నిసిన్ వేస్తే ప్రమోటర్ తెరుచుకుంటుంది. ఆ స్ట్రెయిన్‌లో నిస్-పి లేదు. మీరు నిస్-ఎ, బి, టి, సి మాత్రమే పెడితే కోరల్లేని ప్రీనిసిన్ బయటికి వస్తుంది. తీసుకుని, కావాల్సినప్పుడు ట్రిప్సిన్‌తో లీడర్ కోసుకోవచ్చు. 34లో ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మార్చి కొత్త రకాలు చేసి చూసే ప్రాజెక్టులకు ఇంతకన్నా భద్రమైన దారి నాకు తెలియదు. 2011 నాటికి నిస్-ఎ, బి, సి మూడింటినీ ఈ.కోలైలో పెట్టి కూడా రింగులు కట్టించారు కాబట్టి ఆ దారి మూసుకుపోలేదు. కానీ అక్కడ కణం పగలగొట్టి తీయాలి, ఇక్కడ కల్చర్ పై నీటిలోనే దొరుకుతుంది.

షేకర్ అక్కర్లేదు, మూత పెట్టిన సీసాలో కదలకుండా పెరుగుతుంది. ఇబ్బందులు మూడు. డీఎన్ఏ ఎక్కించడానికి ఎలక్ట్రోపోరేటర్ కావాలి. నిస్-ఎ, బి, టి, సి ఉన్న ప్లాస్మిడ్లు (జీన్లను మోసే డీఎన్ఏ వలయాలు) మార్కెట్లో దొరకడం కష్టం, ఇంకో ల్యాబ్‌ను అడిగి మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ కాగితాలు నడపాలి, దానికి సెమిస్టర్‌లో సగం పోవచ్చు. మూడోది మోసం చేసే జోన్. ఈ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం వదులుతుంది, ఆ పులుపుకే ఇండికేటర్ స్ట్రెయిన్ (ప్లేటు మీద పరిచే పరీక్ష బ్యాక్టీరియా) చచ్చిపోయి ప్లేటు మీద అందమైన వలయం వస్తుంది. పై నీటి పీహెచ్‌ను 6.5కు తెచ్చి వేయండి. ప్లాస్మిడ్ లేని ఎన్‌జడ్9000 నీటినీ పక్క బావిలో (ప్లేటులో చేసిన గుంటలో) వేయండి. రెండు చోట్లా వలయం వస్తే మీకు దొరికింది పులుపే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నిసిన్ గ్రామ్ పాజిటివ్ (బయటి పై పొర లేని) బ్యాక్టీరియా మీదే గట్టిగా పనిచేస్తుంది. ఐసీయూలను వణికిస్తున్న క్లెబ్సియెల్లా లాంటి గ్రామ్ నెగటివ్‌ల పై పొరను దాటడం దానికి కష్టం. మా చిన్నాన్నకు ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు ఇచ్చిన కల్చర్ రిపోర్ట్ ఇప్పటికీ నా దగ్గరుంది. పై నుంచి కింది దాకా రెసిస్టెంట్, రెసిస్టెంట్ అని ఒకే మాట. చివరికి కొలిస్టిన్ ఎక్కించారు, అదీ ఒక మట్టి బ్యాక్టీరియా చేసే పెప్టైడే. చిన్నాన్న బతికి పత్తికొండలో మళ్లీ వ్యవసాయం చేసుకుంటున్నాడు. ఆ మందును కాపాడుకోవాలనే 2019లో కేంద్రం కోళ్లకు, పశువులకు, చేపలకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. అందుకే కొలిస్టిన్‌ను తట్టుకునే జీన్లతో ఆడుకునే ప్రాజెక్ట్ ఎవరైనా ఎమ్మెస్సీ స్థాయిలో అడిగితే నేను వద్దనే చెబుతాను.

బాసిల్లస్ సబ్టిలిస్: కరెంటు పోయినా బతికేది

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో పనిచేసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. ఒక ఆదివారం కరెంటు పోయి, జనరేటర్‌లో డీజిల్ లేక, మైనస్ 80 ఫ్రీజర్ మొత్తం కరిగిపోయింది. సోమవారం తలుపు తీస్తే ట్యూబుల డబ్బా అడుగున నీళ్లు. ఈ.కోలై గ్లిసరాల్ స్టాకుల్లో సగానికి పైగా మళ్లీ లేవలేదు. బాసిల్లస్ స్పోర్లు (గింజల్లా నిద్రపోయే గట్టి రూపాలు) ఫిల్టర్ పేపర్ ముక్కల మీద ఎండబెట్టి డెస్కు సొరుగులో పెట్టినవి నిక్షేపంలా ఉన్నాయి. మంచి ఫ్రీజర్ మీద నమ్మకం లేని కాలేజీలకు నా మొదటి సలహా ఇదే.

168 అనే స్ట్రెయిన్ తనంతట తానే డీఎన్ఏను లోపలికి లాక్కుంటుంది, ఎలక్ట్రోపోరేటర్ అక్కర్లేదు. జీన్‌ను ప్లాస్మిడ్‌లో కాక క్రోమోజోమ్‌లో అమై-ఇ అనే చోట కూర్చోబెట్టొచ్చు. అది అమైలేజ్ జీన్. అక్కడ మన జీన్ చేరితే అమైలేజ్ పోతుంది. చూడటం ఎంత తేలికంటే, స్టార్చ్ కలిపిన ప్లేటు మీద కాలనీలు పెంచి అయోడిన్ పోయడమే. ప్లేటంతా ఊదా నలుపు రంగు కమ్ముకుంటుంది. జీన్ చేరని కాలనీ చుట్టూ స్టార్చ్ అరిగిపోయి తెల్లటి గుండ్రం మిగులుతుంది. చేరిన కాలనీ అంచు దాకా నలుపే. పీసీఆర్ మిషన్ ఖాళీ లేని రోజుల్లో ఈ ఒక్క టెస్టుతో రోజులు కలిసొచ్చాయి. అయోడిన్ తగిలిన కాలనీలు చచ్చిపోతాయి, ముందే ఇంకో ప్లేటు మీద కాపీ పెట్టుకోండి.

బయటికి స్రవించడంలో దీనికి పేరుంది, లైపోపాలీసాకరైడ్ బెడద లేదు. కానీ బయట వదిలే ప్రొటియేజులు పెప్టైడ్‌ను తినేస్తాయి. ఎనిమిది ప్రొటియేజులు తీసేసిన డబ్ల్యూబీ800 స్ట్రెయిన్ ఉంది, సంపాదించగలిగితే అదే వాడండి. గ్రామ్ పాజిటివ్ కాబట్టి చాలా పెప్టైడ్లు దీన్ని సులువుగా చంపుతాయి. సబ్టిలిన్ లాంటిది చేయించాలంటే దాని ఇమ్యూనిటీ జీన్లను కూడా పక్కనే పెట్టాలి.

మూడో గుంపు మీద మనసున్నవాళ్లకు ఇందులో ఒక చిన్న తలుపుంది. 168లో సర్ఫాక్టిన్ తయారుచేసే పెద్ద ఎంజైములన్నీ ఉన్నాయి. వాటిని మేల్కొలిపే ఎస్ఎఫ్‌పీ జీన్ మాత్రం చెడిపోయి ఉంది. ఆ ఒక్క జీన్ సరిచేస్తే సర్ఫాక్టిన్ వచ్చేస్తుంది. దాని యాంటీబయాటిక్ బలం తక్కువే అయినా, ఈ యంత్రాంగం ఎలా నడుస్తుందో చేత్తో తెలుసుకోవడానికి మంచి ప్రాజెక్ట్.

మంచి గుణమే ఇబ్బంది కూడా పెడుతుంది. స్పోర్లు మరిగే నీటికి చావవు. ల్యాబ్ అంతా పాకుతాయి. బెంచీని స్పిరిట్‌తో తుడిస్తే సరిపోదు, పారేసే ప్రతి ప్లేటూ 121 డిగ్రీల ఆటోక్లేవ్ చూడాల్సిందే.

స్ట్రెప్టోమైసెస్: పీహెచ్‌డీ వాళ్లకు

తొలకరికి ఎర్రమట్టి నుంచి లేచే వాసనలో ప్రధాన భాగం జియోస్మిన్. దాన్ని విడిచేవాటిలో ముందు చెప్పుకోవాల్సింది స్ట్రెప్టోమైసెస్. డాప్టోమైసిన్ తెచ్చింది కూడా ఈ జాతే. దాన్ని తయారుచేసే జీన్ల గుంపు, అంటే క్లస్టర్, చాలా పెద్దది. ఈ.కోలై అంత పెద్ద యంత్రాన్ని మోయలేదని కాదు కానీ, 72 శాతం జీసీ (డీఎన్ఏలో జీ, సీ అక్షరాల వాటా) ఉన్న జీన్లకు స్ట్రెప్టోమైసెస్ బంధువే నప్పుతుంది. సొంత యాంటీబయాటిక్ క్లస్టర్లు తీసేసి ఖాళీగా పెట్టిన స్ట్రెప్టోమైసెస్ సీలికలర్ ఎం1152, ఎం1154 స్ట్రెయిన్లు ఇందుకే ఉన్నాయి. కల్చర్‌కు వారం, పది రోజులు. ఐదు నెలల ప్రాజెక్టుకు ఇది కుదరదు. మూడేళ్లు చేతిలో ఉంటే తప్పకుండా చూడండి. పైగా వీటి ఫర్మెంటేషన్‌కు నైట్రోజన్ కోసం వేరుశనగ చెక్క పిండి వాడటం పాత అలవాటు, అది మన అనంతపురంలో నూనె గానుగ దగ్గరే దొరుకుతుంది.

ఎండను లెక్కలో వేసుకోండి

మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తుంది, చల్లబరచలేదు. గదిలోనే 38 డిగ్రీలుంటే 30 డిగ్రీల లాక్టోకాకస్‌ను దాంట్లో పెట్టలేరు, బీఓడీ ఇంక్యుబేటర్ కావాలి. ఈ.కోలై 37కు సరే, కానీ ఫ్యూజన్ కరగకుండా ముద్ద కడుతుంటే 18 డిగ్రీలకు దించాలి, అప్పుడు కూలింగ్ షేకర్ లేకపోతే ఆగిపోతారు. సినాప్సిస్ రాసేముందు మీ డిపార్ట్‌మెంట్‌లో ఈ రెండిట్లో ఏది పనిచేస్తోందో స్వయంగా వెళ్లి, స్విచ్ వేసి, థర్మామీటర్ పెట్టి చూడండి. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నంత మాత్రాన నమ్మొద్దు.

అలాగే ఏ హోస్ట్ అయినా రీకాంబినెంట్ పని కాబట్టి, 1989 నిబంధనల ప్రకారం మీ సంస్థలోని బయోసేఫ్టీ కమిటీకి ముందే కాగితం వెళ్లాలి. ఇమ్యూనిటీ జీన్లు, కనమైసిన్ మార్కర్లు ఉన్న కల్చర్‌ను సింకులో పోయొద్దు. పరీక్షకు పాలీస్టైరీన్ ప్లేట్లు కాకుండా పాలీప్రొపిలిన్‌వి తెప్పించుకోండి, ఈ పెప్టైడ్లు మామూలు ప్లాస్టిక్‌కు అంటుకుపోయి ఎంఐసీని ఎక్కువగా చూపిస్తాయి.

మొత్తం మీద నేనైతే: సాదా గొలుసుకు సుమో తోడుగా ఈ.కోలై, రింగుల పెప్టైడ్‌కు లాక్టోకాకస్, ఫ్రీజర్ నమ్మకం లేనిచోట బాసిల్లస్.

ఆ అమ్మాయిలిద్దరూ సినాప్సిస్ తిరగరాసి ప్రీనిసిన్ తీసుకున్నారు. ప్లాస్మిడ్లు మా ల్యాబ్‌లో అప్పటికే ఉండటం కలిసొచ్చింది. ఎలక్ట్రోపోరేటర్ పక్క డిపార్ట్‌మెంట్‌లో అడిగి వాడుకున్నారు. ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున్నే ఫోన్ చేసి రమ్మన్నారు. మైక్రోకాకస్ లూటియస్ పరిచిన పసుపుపచ్చ ప్లేటు, దాంట్లో మూడు బావులు. ట్రిప్సిన్ ఒక్కటే వేసిన బావి చుట్టూ ఏమీ లేదు. కల్చర్ నీరు ఒక్కటే వేసిన బావి చుట్టూ ఏమీ లేదు. రెండూ కలిపి వేసిన బావి చుట్టూ మాత్రం రూపాయి బిళ్లంత తేటగా ఉంది. కమలాపురం అమ్మాయి స్కేలు పెట్టి కొలిచి, నోట్‌బుక్‌లో మిల్లీమీటర్లు రాసుకుంటోంది.